నాణెం, చీటీ, మండలం: తెలుగు నేల మీద అర్థశాస్త్ర ప్రయోగాలు

1970ల చివర్లో మహబూబ్‌నగర్ జిల్లా మెట్ట పల్లెల్లో రైతుల ముందూ కూలీల ముందూ ఒక పట్టిక పెట్టారు. దాని నిండా పందేలే. మొదటిది ఎంచుకుంటే బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. ఇంకోటి ఎంచుకుంటే ఒకవైపు పడితే 30, మరోవైపు పడితే 150. అన్నింటికంటే తెగువ కావలసిన పందెంలో ఒకవైపు 200, రెండోవైపు సున్నా. ఏదో ఒకటి కోరుకోవాలి, నాణెం ఎగరేయాలి, వచ్చిన డబ్బు జేబులో వేసుకుని ఇంటికి పోవాలి. పెద్ద పందేల్లో చేతికందే సొమ్ము అప్పటి కూలీ నెల రాబడిని మించేది.

ఆట ఆడించినవాడు ఇక్రిశాట్ అర్థశాస్త్రవేత్త హన్స్ బిన్స్‌వాంగర్. మహబూబ్‌నగర్‌తో పాటు మహారాష్ట్ర పల్లెల్లోనూ కలిపి 240 కుటుంబాలను పరీక్షించి, 1980లో ఫలితాలు ప్రచురించాడు. పందెం పెద్దదయ్యే కొద్దీ దాదాపు అందరూ ఒక మోస్తరు జాగ్రత్తపరులే అని తేలింది. ఆస్తి ఉన్నవాడికీ లేనివాడికీ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. అదే కుటుంబాలను కూర్చోబెట్టి 'నువ్వయితే ఏం చేస్తావు' అని నోటిమాటగా అడిగి రాబట్టిన జవాబులు మాత్రం ఈ ఫలితాలతో ఎక్కడా పొంతన కుదరలేదు. అడిగినవాడిని బట్టి జవాబు మారిపోయింది. డబ్బు చూపించినప్పుడు మాత్రమే అసలు మనసు బయటపడింది.

మనుషుల ఆర్థిక నిర్ణయాలను వాళ్ల ఊళ్లోనే, వాళ్ల జీవితం మధ్యలోనే ప్రయోగం పెట్టి తెలుసుకునే పద్ధతికి 2019లో నోబెల్ గౌరవం దక్కింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్ ఆ బహుమతిని పంచుకున్నారు. పద్ధతి చెప్పడానికి సులువు. ఒక పథకాన్ని కొన్ని ఊళ్లకు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా ఆగాలి. ఏ ఊరికివ్వాలో అధికారి గానీ, నాయకుడు గానీ, పరిశోధకుడు గానీ నిర్ణయించకూడదు. చీటీ నిర్ణయించాలి. అప్పుడు రెండు రకాల ఊళ్లూ సగటున ఒకేలా ఉంటాయి కాబట్టి, తర్వాత కనిపించే తేడా ఆ పథకానిదే అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ చీటీ ఆటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఆ తర్వాత తెలంగాణ, ప్రపంచంలోనే పేరున్న వేదికలయ్యాయి. బడి, అప్పు, వాన బీమా, ఉపాధి కూలి, పింఛను, రైతుబంధు చెక్కు, అన్నిటి మీదా ఇక్కడ ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలను చాలామంది విశ్లేషించారు. ఆ ప్రయోగాల వెనక కుదిరిన భాగస్వామ్యాల మీద మాత్రం చర్చ తక్కువ. చీటీ ఎవరు తీశారు, ఆ చీటీకి ఎవరు కట్టుబడ్డారు, ఎవరు కట్టుబడాల్సిన అవసరం లేకుండా పోయారు అన్న ప్రశ్నలు ప్రయోగం నాణ్యతనూ, దాని ఫలితం విధానంగా మారుతుందా లేదా అన్నదాన్నీ ఎలా ప్రభావితం చేశాయో పరిశీలించడమే ఈ వ్యాసం పని.

ఊళ్లో కాపురం

ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో మొదలైంది. మెట్ట పంటలకు మంచి వంగడాలు తయారుచేయడం దాని ప్రధాన బాధ్యత. వంగడం బాగున్నా రైతు ఎందుకు వేయడం లేదన్న ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరకదు. అందుకే 1975లో ఆ సంస్థ గ్రామస్థాయి అధ్యయనాలు ప్రారంభించింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో నాలుగు పల్లెలు, మొత్తం ఆరు. ప్రతి ఊళ్లో 40 కుటుంబాలు, వాటిలో 30 సేద్యం చేసేవి, 10 భూమి అసలు లేని లేదా నామమాత్రంగా ఉన్న కూలీలవి.

వివరాలు సేకరించే వాళ్లు ఊళ్లోనే కాపురమున్నారు. కొన్ని వారాలకోసారి అవే గడపలు తొక్కి ఎంత పండింది, ఎంత అమ్మారు, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు, ఏ పెళ్లికి ఎంత ఖర్చయింది అని రాసుకున్నారు. ఏళ్ల తరబడి అదే పని. ఆ ఓపిక వల్ల పుట్టిన లెక్కలను ప్రపంచమంతా వాడుకుంది. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధ పరిశోధనకు ఆధారం ఔరేపల్లితో పాటు మరో రెండు మహారాష్ట్ర పల్లెలు. ఒక ఇంటి తిండి ఖర్చు ఆ ఇంటి రాబడి ఎగుడుదిగుళ్లను అంతగా అనుసరించలేదనీ, ఊరి సగటుతో కలిసి నడిచిందనీ ఆయన చూపించాడు. ఒకరికి పంట పోతే పక్కింటి బదులు, బంధువుల సాయం, అమ్ముకునే గింజలు ఆదుకుంటున్నాయన్నమాట. ఊరంతటికీ వాన తప్పితే మాత్రం బదులిచ్చే పక్కిల్లు మిగలదు.

ఈ తొలి భాగస్వామ్యంలో ప్రభుత్వ పథకం లేదు, చీటీ కూడా లేదు. పరిశోధన సంస్థకూ ఊరికీ మధ్య నమ్మకం ఒక్కటే ఉంది. తర్వాతి ప్రయోగాలన్నీ ఈ నమ్మకాన్ని ఏదో ఒక రూపంలో అరువు తెచ్చుకున్నవే.

పదునూ మిల్లీమీటరూ

ఊరంతటికీ ఒకేసారి వచ్చే కష్టానికి విరుగుడుగా 2003లో ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థ, హైదరాబాద్‌కు చెందిన బేసిక్స్, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతో మహబూబ్‌నగర్ జిల్లాలో వాన బీమా మొదలుపెట్టాయి. వేరుశనగ, ఆముదం రైతులు దాని లక్ష్యం. పొలానికి వచ్చి నష్టం అంచనా వేసే పని ఇందులో ఉండదు. దగ్గరలోని వర్షమాపక కేంద్రంలో నమోదైన మిల్లీమీటర్లు గీత కంటే తగ్గితే డబ్బు వస్తుంది, అంతే. పంట కాలాన్ని దశలుగా విడగొట్టారు. జూన్ 1 నుంచి కురిసిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లు దాటిన రోజున మొదటి దశ లెక్క మొదలవుతుంది.

రైతు మిల్లీమీటర్లలో ఆలోచించడు. నాగలి చాలుకు మట్టి ఎంత లోతు తడిసిందో చూసి 'పదునైంది' అంటాడు. ఒక్క వాన పదును, రెండు వానల పదును అని అతని కొలత. కాగితం మీది 50 మిల్లీమీటర్లు తన చేలో ఎన్ని వేళ్ల పదునో తెలియకుండా డబ్బు కట్టమంటే ఎవరు కడతారు? షాన్ కోల్, జేవియర్ జినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ విక్రీ తదితరులు 2006లో మహబూబ్‌నగర్, అనంతపురం పల్లెల్లో ఈ ప్రశ్నను చీటీ వేసి పరీక్షించారు. కొన్ని ఇళ్లకు మిల్లీమీటరు అంటే ఏమిటో, అది మట్టి తడికి ఎలా సరిపోతుందో వివరించారు. కొన్ని ఇళ్లకు బీమా గురించి చెప్పే మనిషిని బేసిక్స్ మనిషి స్వయంగా వచ్చి పరిచయం చేశాడు. వచ్చిన మనిషికి సమయం ఇచ్చినందుకు కొన్ని ఇళ్లకు 25 రూపాయలు, కొన్నింటికి 100 రూపాయలు చేతిలో పెట్టారు.

మిల్లీమీటర్ల పాఠం కొనుగోళ్లను చెప్పుకోదగ్గంతగా పెంచలేదు. చేతిలో 100 రూపాయలు పడిన ఇళ్లు మాత్రం బీమా వైపు గట్టిగా మొగ్గాయి. విత్తనానికీ ఎరువుకీ డబ్బు చూసుకోవలసిన అదునులో బీమా సొమ్ము కట్టమనడం ఎంత భారమో ఆ తేడాలో కనిపించింది. బేసిక్స్ పేరు ముందే తెలిసిన ఇళ్లలో ఆ మనిషి మాట పనిచేసింది. తెలియని ఇళ్లలో పనిచేయలేదు. భాగస్వామ్య సంస్థ అంతకుముందు ఊళ్లో సంపాదించుకున్న పరపతి కూడా ప్రయోగ ఫలితంలో భాగమవుతుందని ఇక్కడే మొదటిసారి స్పష్టంగా తేలింది. ప్రయోగాన్ని మరో రాష్ట్రంలో, పేరు తెలియని మరో సంస్థతో మళ్లీ చేస్తే అదే ఫలితం వస్తుందని చెప్పలేం.

అయిదు వందల బడులు

2005-06 విద్యా సంవత్సరంలో మొదలైన బడుల అధ్యయనం వీటన్నిటికంటే విస్తృతమైనది. రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రంలో అమలు చేసింది. ప్రపంచ బ్యాంకులో పనిచేస్తున్న వెంకటేశ్ సుందరరామన్, అర్థశాస్త్రవేత్త కార్తీక్ మురళీధరన్ రూపకల్పన చేశారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటి నుంచీ కలిపి అయిదు జిల్లాలు, ఒక్కో జిల్లాలో పది మండలాలు, ఒక్కో మండలంలో పది ప్రాథమిక పాఠశాలలు, మొత్తం 500 బడులు. వాటిని వందేసి చొప్పున అయిదు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఒక జట్టుకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును, మన భాషలో విద్యా వాలంటీరును ఇచ్చారు. ఒక జట్టుకు బడి ఖర్చులకు గ్రాంటు. ఒక జట్టులో పిల్లల మార్కులు పెరిగితే బడి టీచర్లందరికీ కలిపి బోనస్. చివరి జట్టులో ఏ టీచరు పిల్లలు మెరుగైతే ఆ టీచరుకే బోనస్.

బోనస్ లెక్క ఇలా ఉండేది. పిల్లల సగటు మార్కులు 5 శాతానికి పైన ఎంత పెరిగితే, ఆ పైనున్న ప్రతి శాతానికీ 500 రూపాయలు. తరగతి సగటు 15 శాతం పెరిగిందనుకుంటే 5 తీసేసి మిగిలిన పదికి 5,000 రూపాయలు. పుస్తకం పట్టుకోలేని పిల్లాణ్ని పరీక్ష రోజున ఇంట్లో ఉంచేస్తే సగటు పెరుగుతుంది కదా అన్న ఆలోచన ఏ టీచరుకైనా రావచ్చు. అందుకే ఏడాది మొదట్లో పరీక్ష రాసి చివర రానివాళ్ల వల్ల బోనస్ తగ్గేలా లెక్క కట్టారు. ఇంత చేసినా బోనస్ సగటున టీచరు ఏడాది జీతంలో 3 శాతం దగ్గరే ఆగింది.

రెండేళ్లయ్యేసరికి బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, నూరుమందిలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్లాడు గణితంలో అరవై దాటిన స్థానానికి వచ్చాడు. బట్టీ పట్టి రాసే ప్రశ్నల్లోనే కాకుండా ఆలోచించి రాయాల్సిన ప్రశ్నల్లోనూ పెరుగుదల కనిపించింది. బోనస్‌తో సంబంధం లేని సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం మార్కులు కూడా పెరిగాయి. అయితే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు, ఇంటిపని ఇచ్చారు, బడి వేళ తర్వాత ఆపి చదివించారు. అయిదేళ్లు సాగిన అధ్యయనంలో ఎవరి బోనస్ వారిదే అన్న పద్ధతి నిలిచింది. అందరికీ కలిపి ఇచ్చే బోనస్ ప్రభావం సన్నగిల్లింది.

మిగతా జట్ల కథలూ తక్కువవి కావు. రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతుకు పనిచేసిన కాంట్రాక్టు టీచర్లను అదనంగా ఇచ్చిన బడుల్లో పిల్లలు గణితంలో, భాషలో ముందుకు వచ్చారు. గ్రాంటు బడుల్లో మొదటి ఏడాది మార్కులు పెరిగాయి, రెండో ఏడాది ఆగిపోయాయి. కారణం ఇళ్లలో దొరికింది. బడి నోటు పుస్తకాలు ఇస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. ఇచ్చింది బడికి, మిగిలింది ఇంటికి. మరో వంద బడుల్లో డబ్బు ఏమీ ఇవ్వకుండా పిల్లల లోపాలను విడమరిచే నివేదికలు మాత్రమే టీచర్లకు అందించారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు చురుగ్గా కనిపించారు. మార్కులు మాత్రం కదల్లేదు.

2008లో ఇదే బృందం 180 గ్రామాల్లో రెండంచెల లాటరీ నడిపింది. మొదటి చీటీతో ఊరు, రెండో చీటీతో ఆ ఊళ్లో దరఖాస్తు పెట్టిన పిల్లాడు. గెలిచినవాడికి ప్రైవేటు బడి ఫీజు ఉచితం. నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితం మార్కుల్లో ప్రైవేటు, ప్రభుత్వ బడుల పిల్లల మధ్య తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ గంటలు కేటాయించి, ఒక్కో విద్యార్థికి ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతో నడిచాయి. ఊరిని కూడా చీటీలో పెట్టడం వల్ల ఒక ముఖ్యమైన అనుమానం తీరింది. లాటరీ గెలిచిన పిల్లలు వెళ్లిపోతే వెనక మిగిలిన ప్రభుత్వ బడి పిల్లలు నష్టపోతారా? నష్టపోయిన జాడ కనిపించలేదు.

ఇంత గట్టి ఆధారం ఉన్నా బోనస్ పద్ధతి రాష్ట్రమంతటి విధానంగా మారలేదు. అమలు బాధ్యత ఫౌండేషన్‌ది కావడంతో 500 బడుల్లో పని క్రమశిక్షణతో సాగింది. విస్తరించాలంటే అదే పని విద్యాశాఖ చేయాలి. వేలాది బడుల్లో నికార్సైన పరీక్ష పెట్టి, పేపర్లు బయటి మనుషులతో దిద్దించి, టీచర్ల జీతాల చట్రంలో దాన్ని ఇమడ్చాలి. ప్రయోగానికి సంతకం పెట్టిన భాగస్వామి వేరు, విధానాన్ని మోయవలసిన భాగస్వామి వేరు అయినప్పుడు వచ్చే చిక్కు ఇది. కెన్యాలో ఇదే విషయం మరింత సూటిగా తేలింది. అక్కడ కాంట్రాక్టు టీచర్ల పథకాన్ని కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థతో, కొన్నిచోట్ల ప్రభుత్వంతో అమలు చేయించారు. మొదటిచోట పిల్లలు మెరుగయ్యారు, రెండోచోట మార్పు లేదు.

పోటీదారు పెట్టని సంతకం

హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాల ప్రయోగానికి భాగస్వామి స్పందన సంస్థ. బెనర్జీ, డుఫ్లో, రేచెల్ గ్లెన్నర్‌స్టర్, సింథియా కిన్నన్ 104 బస్తీలను ఎంచుకుని, చీటీతో 52 బస్తీల్లో మాత్రమే 2006-07లో శాఖలు తెరిపించారు. ఆరు నుంచి పది మంది ఆడవాళ్ల గ్రూపు, మొదటి అప్పు 10,000 రూపాయలు, వారం వారం కట్టుబడి, 50 వారాల్లో తీరిపోవాలి. మిగతా 52 బస్తీల జోలికి పోనని స్పందన మాటిచ్చింది, నిలబెట్టుకుంది.

పోటీ సంస్థలు ఏ మాటా ఇవ్వలేదు. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి స్పందన ఆగిన బస్తీల్లోనూ 18 శాతం ఇళ్లు ఏదో ఒక సూక్ష్మరుణ సంస్థ దగ్గర అప్పు తీసుకున్నాయి. స్పందన వెళ్లిన బస్తీల్లో అది 27 శాతం. పోలిక నిలబడవలసిన రెండు గట్ల మధ్య దూరం తొమ్మిది శాతానికి కుంచించుకుపోయింది. ఒక సంస్థతో చేసుకున్న ఒప్పందం మార్కెట్ మొత్తాన్ని కట్టడి చేయలేదు. ప్రైవేటు భాగస్వామితో చేసే ప్రయోగాలన్నిటికీ ఉన్న బలహీనత ఇదే. అయినా సుమారు 6,800 ఇళ్ల సర్వేలో ఒక చిత్రం కనిపించింది. అప్పటికే చిన్న దుకాణమో టిఫిన్ బండో నడుపుతున్నవాళ్లు పెట్టుబడి పెంచారు. బాగా లాభాల్లో ఉన్న కొద్దిమందికి లాభం ఇంకా పెరిగింది. మొత్తం మీద ఇంటి ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులో గానీ ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో గానీ మార్పు లేదు. అప్పు అద్భుతాలు చేస్తుందన్న ప్రచారానికీ, కుటుంబాలను కూలుస్తుందన్న ఆరోపణకీ ఈ ఫలితం నడుమన నిలిచింది.

నడుమ నిలిచే ఫలితానికి వీధిలో గొంతు తక్కువ. 2010 అక్టోబరులో ఆత్మహత్యల వార్తల నడుమ రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం వసూళ్లు ఆగాయి, రికవరీలు కుప్పకూలాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఆ విపత్తునే మరో పరిశోధనకు వాడుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు చిక్కుకుపోయిన సంస్థలు దేశంలో మిగతాచోట్ల కూడా అప్పులు తగ్గించాయి. ఆంధ్ర ఆర్డినెన్స్‌తో ఏ సంబంధమూ లేని ఆ జిల్లాల్లో పల్లె కూలి రేట్లు పడిపోయాయి. బస్తీ చీటీ చూపలేకపోయిన పెద్ద ప్రభావం, అంటే అప్పు మొత్తం ఊరి ఆర్థికాన్ని ఎలా కదిలిస్తుందన్నది, ఎవరూ ప్రయోగంగా తలపెట్టని ఒక ప్రభుత్వ నిర్ణయంలోంచి బయటపడింది.

వేలిముద్ర, తెలుగులో పలికే యంత్రం

ప్రభుత్వమే పూర్తి భాగస్వామి అయితే ఏమవుతుందో 2010లో మొదలైన స్మార్ట్‌కార్డుల అధ్యయనం చూపించింది. అప్పటివరకూ ఉపాధి హామీ కూలి చాలావరకు పోస్టాఫీసు ద్వారా వచ్చేది. డబ్బు కోసం మరో ఊరికి నడక, 'రేపు రా' అనే మాట, మధ్యలో ఎవరి చేతివాటమో. కొత్త పద్ధతిలో లబ్ధిదారు వేలిముద్రలూ ఫొటోతో కార్డు ఇచ్చారు. అదే ఊరి మహిళ, ఎక్కువగా డ్వాక్రా సంఘ సభ్యురాలు, చేతి యంత్రంతో డబ్బు పంచేది. వేలు పెడితే యంత్రం రసీదు ఇచ్చేది. చాలాచోట్ల ఎంత మొత్తం ఇస్తోందో తెలుగులో పలికేది కూడా. చదువు రాని ముసలావిడకు ఆ గొంతే అసలు రసీదు.

మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఇక్కడ ఒక అవకాశం చూశారు. ఎనిమిది జిల్లాల్లో దాదాపు 1.9 కోట్ల జనాభాకు ఒకేసారి కార్డులివ్వడం ఎలాగూ సాధ్యం కాదు. ఎవరికో ఒకరికి ముందు, ఎవరికో తర్వాత. ఆ వరుసను చీటీకి వదిలేయమని గ్రామీణాభివృద్ధి శాఖను ఒప్పించారు. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. ఈ రెండింటి మధ్య సర్వేకు సమయం దొరికేలా 139 మండలాలను మధ్య వరుసలో నిలిపారు. అధ్యయనానికి ఒమిడ్యార్ నెట్‌వర్క్ నిధులిచ్చింది. ఎవరి పనిని కొలుస్తున్నారో వాళ్ల జీతం మీద కొలిచేవాళ్లు ఆధారపడలేదు.

రెండేళ్ల తర్వాత కూడా ముందు వరుస మండలాల్లో సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరుగుతున్నాయి. ఆ అరకొర అమలును అలాగే లెక్కలోకి తీసుకుని, కార్డు అందినవాళ్లనూ అందనివాళ్లనూ కలిపి మండలం మొత్తాన్ని కొలిచారు. అయినా కూలి చేతికందడానికి పట్టే సమయం తగ్గింది. ఒక్కో చెల్లింపు తీసుకోవడానికి పోయే సమయంలో 22 నిమిషాలు మిగిలాయి. ఉపాధి పనుల మీద కుటుంబం చేతికొచ్చిన సొమ్ము 24 శాతం పెరిగింది. కాగితం మీద చెల్లించినట్టున్న డబ్బుకూ ఇళ్లకు చేరిన డబ్బుకూ మధ్య జారిపోయే భాగం 41 శాతం తగ్గింది. లబ్ధిదారుల్లో పదిమందికి తొమ్మిదిమంది పాత పద్ధతి వద్దు, ఇదే కావాలన్నారు.

ఈ చివరి అంకె విలువ పరిశోధన పత్రాన్ని మించినది. జిల్లాల నుంచి పైకి వచ్చే కబుర్లలో కార్డుల మీద ఫిర్యాదులే ఎక్కువ. చేతివాటం పోయిన మధ్యవాళ్లకు గొంతుంది, సమీక్షా సమావేశంలో చోటుంది. 22 నిమిషాలు మిగిలిన కూలీ కలెక్టరేట్‌కు వచ్చి ఆ సంగతి చెప్పదు. ఇంటింటి సర్వే ఆ మాటను సచివాలయానికి మోసుకెళ్లింది. కొనసాగించాలా వద్దా అని ఊగిసలాడుతున్న శాఖ దగ్గర అప్పుడు ఈ లెక్కలున్నాయి.

2023లో వెలువడిన కొనసాగింపు పరిశోధన ఇంకో తలుపు తెరిచింది. కార్డులొచ్చిన మండలాల్లో పేద కుటుంబాల రాబడి సుమారు 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో పది పాళ్లకు ఎనిమిది పాళ్లకు పైగా ఉపాధి హామీ నుంచి కాకుండా బయటి కూలి పనుల నుంచే వచ్చింది. ప్రభుత్వ పని నికరంగా, సకాలంలో డబ్బిస్తే, ఆసామి పిలిచిన రేటుకు పోవలసిన అగత్యం కూలీకి తగ్గుతుంది. బేరం పెరుగుతుంది. కూలి పెరిగితే పనులు తగ్గుతాయన్న భయం ఇక్కడ నిజం కాలేదు, బయటి పనులూ పెరిగాయి. ఊరు ఊరుగా చీటీ తీసి ఉంటే ఇది కనిపించేది కాదు. కూలి మార్కెట్ ఊరి పొలిమేర దగ్గర ఆగదు. మండలాన్ని ప్రమాణంగా తీసుకోవడం వల్లే ఇది చిక్కింది.

తెలంగాణలో 2018 రైతుబంధు మొదటి విడతలో ఇదే బృందం, జెఫ్రీ వీవర్‌తో కలిసి, మరీ చవకైన ప్రయోగం చేసింది. ఎకరానికి 4,000 రూపాయల చెక్కులు 57 లక్షల మంది రైతులకు పంచాలి. చీటీలో వచ్చిన చోట్ల వ్యవసాయాధికారులకు ఒక్క మాట ముందే చెప్పారు: రైతులకు ఫోన్లు చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటాం, మీ పనితీరు దాన్నిబట్టి తెలుస్తుంది. ఆ ఒక్క మాటతో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు.

అభ్యంతరాలు

పద్ధతి మీద విమర్శలు తక్కువ కాదు. 2015 నోబెల్ గ్రహీత ఆంగస్ డీటన్ 2010లోనే, చీటీ తీసినంత మాత్రాన ఆధారానికి ప్రత్యేక హోదా రాదని వాదించాడు. సగటు లెక్క ఎవరు బాగుపడ్డారో ఎవరు చెడ్డారో దాచేస్తుందనీ, ఎందుకు పనిచేసిందో తెలియకపోతే మరోచోటికి తీసుకెళ్లలేమనీ ఆయన మాట. హైదరాబాద్ బస్తీల ఫలితం దీనికి మంచి సాక్ష్యం. సగటు చూస్తే మార్పు లేదు. లోపలికి చూస్తే కొద్దిమంది బాగా లాభపడ్డారు.

ఇవ్వగలిగీ ఇవ్వకుండా ఆపడం న్యాయమేనా అన్నది రెండో అభ్యంతరం. పైన చెప్పిన ప్రయోగాల్లో దీనికి ఒకే జవాబు లేదు. స్మార్ట్‌కార్డుల విషయంలో ఎవరికో ఒకరికి ఆలస్యం తప్పదు, చీటీ ఆ ఆలస్యాన్ని పలుకుబడి చేతిలోంచి తప్పించింది. ఫీజుల లాటరీలో దరఖాస్తులు ఎక్కువ, చోటు తక్కువ. బోనస్ లేని బడుల పిల్లల గురించి ఆ వాదన అంత తేలిగ్గా అతకదు.

శ్రమ ఎవరిది, పేరు ఎవరిది అన్న మూడో ప్రశ్న భాగస్వామ్యానిదే. ఈ పరిశోధనలు అమెరికాలోని ప్రసిద్ధ పత్రికల్లో ఇంగ్లీషులో వచ్చాయి. రచయితల వరుసలో అర్థశాస్త్రవేత్తలున్నారు. ఎండలో తిరిగి 'మీ మస్టర్‌లో ఎన్ని రోజులు రాశారు, మీ చేతికి ఎంత వచ్చింది' అని తెలుగులో అడిగిన క్షేత్ర సిబ్బంది, ఆ సిబ్బందిని నడిపించిన మేనేజర్లు కృతజ్ఞతల పేరాలో ఉంటారు. ప్రశ్నాపత్రం తెలుగులోకి మారేటప్పుడు 'పదును' ఎక్కడ రాయాలో, 'చేబదులు' ఏ గడిలో వేయాలో నిర్ణయించేది వాళ్లే. ఆ నిర్ణయాలు ఫలితాల పట్టికలోకి చేరతాయి.

ముగింపు

ఈ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. బస్తీల్లో భాగస్వామి మాట మీద నిలబడినా మార్కెట్ నిలబడలేదు, పోలిక పలచబడింది. బడుల్లో అమలు స్వచ్ఛంద సంస్థది కావడంతో ఆధారం గట్టిగా వచ్చింది, దాన్ని మోసే చేతులు మాత్రం వేరే చోట ఉన్నాయి. స్మార్ట్‌కార్డుల్లో, రైతుబంధులో అమలు చేసిందీ, కొలతకు నిలిచిందీ ప్రభుత్వ యంత్రాంగమే. అమలు అరకొరగా ఉంది, కొలత దాన్ని అలాగే చూపించింది, నిర్ణయం తీసుకోవలసిన చోటికి చేరింది. కాబట్టి ఒక క్షేత్ర ప్రయోగాన్ని చదివేటప్పుడు ప్రామాణిక విచలనాలకంటే ముందు ఒప్పంద పత్రాన్ని చూడాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఎవరు ఆగుతానని మాటిచ్చారు, ఎవరిని అడగనే లేదు, ఫలితం నచ్చినా నచ్చకపోయినా దానితో రేపు పనిచేయవలసింది ఎవరు.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పనికి కలిసొచ్చినది మండలం. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో అవి వెయ్యికి పైగా. పరిపాలన నడిచేంత పెద్దవి, చీటీ వేయడానికి చాలినన్ని. తర్వాత తెలంగాణ జిల్లాలు 2016లో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2010 నాటి చీటీలో ఆదిలాబాద్, నల్లగొండ, కర్నూలు కింద రాసిన మండలాల్లో చాలావాటికి ఇప్పుడు జిల్లా పేరు మారింది. ఆ 112 మండలాలూ, 45 మండలాలూ పదిహేనేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో మళ్లీ కొలవాలనుకునే పరిశోధకుడి మొదటి పని, పాత జాబితాను కొత్త జిల్లాల పటం మీద ఒక్కొక్క మండలంగా వెతికి సరిచూసుకోవడం.